నేల ఉసిరి మంచిదే, కామెర్లన్నీ ఒకటి కావు

మాన్య సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో నేల ఉసిరి గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. తొలకరి పడగానే పొలం గట్ల మీదా, పెరళ్లలోనూ, చివరికి మేడ మీది పూలకుండీల్లోనూ ఎవరూ విత్తకుండానే మొలిచే ఆ జానెడు మొక్కకు పత్రికలో అర పేజీ చోటు దక్కడం, ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన నాకు నిజంగా సంతోషం కలిగించింది. అయితే వ్యాసం పక్కన అచ్చువేసిన ఫొటో నేల ఉసిరిది కాదు, దాని దగ్గరి బంధువైన మరో మొక్కది. ఫొటో పొరపాటును సవరించడం తేలిక. ఎలాంటి కామెర్లయినా ఈ పసరుతో వారం రోజుల్లో పోతాయన్న వాక్యాన్ని మాత్రం, చదివినవాళ్లు దాన్ని నమ్మి ఇంట్లో ఆచరణలో పెట్టకముందే సవరించాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఈ మొక్కకు వ్యతిరేకిని కాను. నాకు పదేళ్ల వయసులో కళ్లు పచ్చబడి, అన్నం పేరు చెబితేనే వాంతి వచ్చే స్థితిలో ఉన్నప్పుడు మా అమ్మమ్మ రోజూ తెల్లవారుజామున పెరట్లోకి వెళ్లి నాలుగైదు నేల ఉసిరి మొక్కలను వేళ్లతో సహా పీకి, మట్టి పోయేలా కడిగి, రోట్లో మెత్తగా నూరి, గచ్చకాయంత ముద్దను పలుచటి మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేది. తొమ్మిది రోజులు తాగాను. ఆ చేదు ఇప్పటికీ నాలుక మీద గుర్తుంది. తర్వాత చాలా ఏళ్లకు, ఆ మొక్క శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ అమరస్ అనీ, లాటిన్‌లో అమరస్ అంటే చేదు అనీ చదివినప్పుడు, 1827లో ఆ పేరు పెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్తలు కూడా ఆకు నమిలి చూసే ఉంటారనిపించింది. నాకు కామెర్లు తగ్గాయి. వీధిలో మరో ఇద్దరు పిల్లలకూ అమ్మమ్మ మందుతోనే తగ్గాయి. అందుకే ఈ మొక్కను తీసిపారేసే వాళ్ల మాట నాకు ఏనాడూ రుచించలేదు. దాని మీద ఎవరు ఏ పరిశోధన చేసినా వెతికి చదివాను.

ముందు మొక్కను సరిగా గుర్తుపట్టడం గురించి రాస్తాను, ఎందుకంటే మందు సంగతి అక్కడే మొదలవుతుంది. నేల ఉసిరి రెమ్మను చూస్తే చిన్న చింతాకులా కనిపిస్తుంది గాని, అందులోని ప్రతి చిన్న ఆకూ విడి ఆకే. రెమ్మను తిరగేస్తే ఆకుల మొదళ్లలో ఆవగింజ కన్నా కాస్త పెద్దవైన కాయలు వరుసగా వేలాడుతూ ఉంటాయి. ఉసిరికాయను బాగా చిన్నది చేసినట్టుండే ఈ కాయల వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. ఫిల్లాంథస్ అమరస్ కాయ నున్నగా ఉండి సన్నని కాడ మీద నిలుస్తుంది, పువ్వు అడుగున చిన్న రేకుల్లా ఉండే రక్షక పత్రాలు ఐదు ఉంటాయి. మీరు ఫొటో వేసిన మొక్క ఎర్ర ఉసిరిక, అంటే ఫిల్లాంథస్ యూరినేరియా. దాని కాండం ఎరుపు తిరిగి ఉంటుంది, ఆకులు ఒకదానికొకటి తాకేంత దగ్గరగా ఉంటాయి, కాయకు కాడ దాదాపు ఉండదు, కాయ మీద గరుకైన బుడిపెలు ఉంటాయి. ఫిల్లాంథస్ ఫ్రేటర్నస్ అనే మూడో మొక్క అమరస్‌కు కవల పిల్లలా ఉంటుంది గాని పువ్వులో రక్షక పత్రాలు ఆరు. భూతద్దం లేకుండా ఈ తేడా పట్టుకోవడం విద్యార్థులకే కష్టంగా ఉండేది. ఇవి కాక డెబిలిస్, మదరాస్పటెన్సిస్ అనే మరి రెండు మొక్కలు కూడా మన చేలల్లో పక్కపక్కనే పెరుగుతాయి.

పేర్ల చిక్కు పల్లెలకే పరిమితం కాదు. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఫిల్లాంథస్ నిరూరి అని పేరు పెట్టిన మొక్క అసలు అమెరికా ఖండానిది. మన దేశంలో దాదాపు రెండు వందల ఏళ్లు మన నేల ఉసిరినే నిరూరి అని రాస్తూ వచ్చారు. 1950లలో వెబ్‌స్టర్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఈ జాతిని వివరంగా పరిశీలించి వాటిని విడదీసిన తర్వాత కూడా మందు సీసాల మీద, పరిశోధన పత్రాల్లో నిరూరి అన్న పేరే కొనసాగుతోంది. కాబట్టి నిరూరి మీద జరిగిన ప్రయోగం అని ఎక్కడైనా చదివినప్పుడు అది ఏ మొక్క అని అడగవలసి వస్తుంది. ఇది పండితుల పట్టింపు కాదు. కాలేయాన్ని కాపాడతాయని పేరున్న ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే పదార్థాలు అమరస్‌లో బాగా ఉంటాయి, దాని దగ్గరి బంధువుల్లో చాలా తక్కువగా ఉంటాయి లేదా అసలు ఉండవు. దక్షిణ భారతంలోని 25 మూలికల దుకాణాల నుంచి నేల ఉసిరి పేరుతో అమ్మే ఎండు సరుకును తెచ్చి పరీక్షించిన ఒక పరిశోధన 2010లో వెలువడింది. నాలుగింట మూడు వంతుల దుకాణాల సరుకులో ప్రధానంగా అమరస్ ఉంది. మిగిలిన దుకాణాల్లో ఇతర జాతులు కలిసి ఉన్నాయి. అమ్మేవాళ్లు మోసగాళ్లని నేను అనను. చేలల్లో కూలికి మొక్కలు పీకే ఆడవాళ్లకు భూతద్దం ఎవరిస్తారు?

ఆయుర్వేదంలో ఈ మొక్కను భూమ్యామలకి, తామలకి అంటారు. చరక సంహితలో తామలకిని దగ్గును తగ్గించే పది మందులలోనూ, ఆయాసాన్ని తగ్గించే పది మందులలోనూ చేర్చారు. చ్యవనప్రాశలో కలిపే ద్రవ్యాల్లోనూ ఇది ఉంది. కామెర్లకు పసరుగా దీన్ని వాడటం మన ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఆ పాత గ్రంథం దీన్ని ముందుగా ఊపిరితిత్తుల మందుగా లెక్కపెట్టిందన్న సంగతి మీ వ్యాసంలోనూ రాలేదు. ఇంటి వైద్యంలో ఆకును కాస్త ఉప్పుతో నూరి గజ్జికీ దురదకూ పట్టువేయడం, ఆడవాళ్లకు ఎక్కువగా రక్తం పోతున్నప్పుడు వేరును బియ్యం కడుగుతో నూరి ఇవ్వడం వంటివి నేనూ చూశాను. వాటి గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

కామెర్ల దగ్గరికి వస్తాను. 1987లో ఈ మొక్క కథ ఒక్కసారిగా ప్రపంచానికి తెలిసింది. కాలేయానికి వాపు తెచ్చే హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టినందుకు 1976లో నోబెల్ బహుమతి పొందిన బరూచ్ బ్లూంబెర్గ్, తన సహచరులైన వెంకటేశ్వరన్, మిల్‌మన్‌లతో కలిసి, నేల ఉసిరి సారం పరీక్షనాళికలో ఆ వైరస్ ఎంజైమును అడ్డుకుంటోందని ప్రచురించారు. మరుసటి ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో మనుషుల మీద చేసిన ప్రయోగాన్ని ప్రకటించింది. ఒంట్లో హెపటైటిస్ బి వైరస్‌ను మోస్తున్నవారికి 200 మిల్లీగ్రాముల ఎండు చూర్ణాన్ని రోజుకు మూడుసార్ల చొప్పున 30 రోజులు ఇచ్చారు. మందు వాడిన 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు వాడిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ పత్రం చదివిన రోజు నేను తరగతిలో పాఠం పక్కనపెట్టి ఆ అంకెలు బోర్డు మీద రాశాను. మా అమ్మమ్మ రోటికి లాన్సెట్‌లో చోటు దొరికినట్టు పొంగిపోయాను.

ఆ తర్వాత జరిగినదాన్ని కూడా అంతే నిజాయితీగా చెప్పాలి. థాయ్‌లాండ్‌లో, న్యూజిలాండ్‌లో, మరికొన్ని దేశాల్లో అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు ఆ ఫలితం రాలేదు. మొక్క పెరిగిన నేల, కోసిన కాలం, ఎండబెట్టిన తీరు వేరు కావడం వల్లనే అలా అయిందని కొందరు వాదించారు, ఆ వాదనలో కొంత బలం ఉంది కూడా. అయితే వైద్య ప్రయోగాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2011లో ఫిల్లాంథస్ జాతి మొక్కలతో హెపటైటిస్ బి మీద జరిగిన 16 ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, ఉత్తుత్తి మందు కన్నా ఇది మేలని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదని తేలింది. వైరస్‌ను అణిచే ఇతర మందులతో కలిపి వాడితే కొంత ప్రయోజనం ఉండవచ్చన్న సూచన మాత్రం కనిపించింది, కానీ ఆ ప్రయోగాల నాణ్యత తక్కువ. ఈ చరిత్రంతటిలో మీ వ్యాసం 1988 దగ్గర ఆగిపోయింది. సగం చెప్పిన నిజం, ముఖ్యంగా జబ్బు విషయంలో, అబద్ధమంత హాని చేస్తుంది.

మరి మా వీధిలో పిల్లలకు తగ్గింది కదా అని ఎవరైనా అడగవచ్చు. నేనూ చాలా ఏళ్లు అదే అడిగాను. కామెర్లు జబ్బు పేరు కాదు, జబ్బు చూపించే గుర్తు. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చని పదార్థం పుడుతుంది. కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పేగులోకి పంపుతుంది. రక్తకణాలు మరీ ఎక్కువగా విరిగినా, కాలేయం దెబ్బతిన్నా, పైత్యరసం వెళ్లే గొట్టానికి రాయో గడ్డో అడ్డుపడినా ఆ పచ్చదనం రక్తంలో పేరుకుని కళ్లలో తేలుతుంది. కలుషితమైన నీటి వల్ల పిల్లలకు, యువకులకు వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు ఏ మందూ వాడకపోయినా, విశ్రాంతీ తిండీ సరిగా ఉంటే, అత్యధికుల్లో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. మా అమ్మమ్మ ఇచ్చిన తొమ్మిది రోజుల పసరూ, వేరొక ఊళ్లో మంత్రం వేసి మెడలో కట్టిన దండా, ఇంకొక చోట మణికట్టు మీద పెట్టిన వాతా అన్నీ విజయం సాధించినట్టు కనిపించడానికి కారణం అదే. కళ్లు పచ్చబడిన పది మందిలో తొమ్మిది మందికి తగ్గితే వైద్యుడికి పేరు వస్తుంది. ఆ పదో మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లిన సంగతి ఊళ్లో ఎవరికీ గుర్తుండదు.

ఆ పదో మనిషి మా చిన్నాన్న. అరవై ఏళ్లకు దగ్గరపడిన ఆయనకు కళ్లు పచ్చబడ్డాయి. నొప్పి లేదు. ఒళ్లంతా దురద, మలం సున్నం కలిపినట్టు తెల్లగా, మూత్రం చిక్కని టీ రంగులో వచ్చేవి. మా ప్రాంతంలో కామెర్ల మందుకు పేరున్న ఒకాయన దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్లి పసరు తాగారు. ఉప్పు, నూనె, పసుపు, చింతపండు మానేసి చప్పిడి పత్యం పట్టారు. మనిషి చిక్కిపోతుంటే అది పత్యం వల్లనేనని సరిపెట్టుకున్నాం. ఆయన చేతులను సున్నపు నీటిలో కడిగించి, ఆ నీళ్లు పచ్చబడటం చూపించి, జబ్బు దిగిపోతోందని కూడా ఆ వైద్యుడు చెప్పాడు. ముందుగా చేతులకు రాసిన చెట్టు బెరడు రసమే సున్నం తగిలి అలా రంగు మారుతుందని నాకు తర్వాత తెలిసింది. ఐదు వారాలు అలా గడిచాక ఆస్పత్రిలో స్కానింగ్ చేస్తే క్లోమం తలభాగంలో పెరిగిన గడ్డ పైత్యనాళాన్ని నొక్కేస్తోందని తెలిసింది. అప్పటికే అది పాకింది. మొదటి వారంలోనే వచ్చి ఉంటే ఆపరేషన్ గురించి ఆలోచించగలిగేవాళ్లమని సర్జన్ నెమ్మదిగా చెప్పారు. ఏడు నెలలకు ఆయన పోయారు. మొదటి రోజు పసరు కోసం మొక్కలు పీకి ఇచ్చినదాన్ని నేనే. మొక్క సరైనదే. అమరసే. ఆ జబ్బుకు అది మందు కాదు, అంతే.

అందువల్ల వ్యాసంలో మోతాదు అచ్చువేసే ముందు, ఏ కామెర్లకు ఇంట్లో ఆగకూడదో అచ్చువేయాలని కోరుతున్నాను. గర్భిణికి కళ్లు పచ్చబడితే ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి, ఎందుకంటే హెపటైటిస్ ఇ చివరి మూడు నెలల గర్భిణులలో నూటికి 20 నుంచి 25 మంది దాకా ప్రాణాలు తీయగలదు. పసిబిడ్డకు వస్తే మందు ఏమిటన్న ప్రశ్నే వద్దు, పిల్లల డాక్టరు చూడాలి. చలితో జ్వరం, తెల్లని మలం, ఒళ్లంతా దురద, మాట తడబడటం, పగలంతా మగత, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటినా పచ్చదనం వదలకపోవడం, వీటిలో ఏది కనిపించినా పసరు ఆపి పరీక్ష చేయించాలి. బిలిరుబిన్, కాలేయ ఎంజైములు, హెపటైటిస్ బి, సి పరీక్షలు, అవసరమైతే ఒక అల్ట్రాసౌండ్ చేయిస్తే చాలావరకు దారి తెలిసిపోతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. జూలై 28 బ్లూంబెర్గ్ పుట్టినరోజు. నేల ఉసిరిని ప్రపంచానికి చూపించిన ఆయన హెపటైటిస్ బి టీకాకు కూడా దారి వేశారు. ఆ టీకాను మన దేశంలోనే తయారుచేసి 1997లో మొదటిసారి అందించినది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. ఏ చూర్ణమూ చేయలేని పని, అంటే జబ్బు రాకుండా ఆపడం, ఆ టీకా చేస్తోంది.

ఇక హోమియోపతి. మీ వ్యాసకర్త నేల ఉసిరి పసరునూ, ఫిల్లాంథస్ నిరూరి అన్న పేరుతో హోమియో దుకాణాల్లో దొరికే మందునూ ఒకే వాక్యంలో కలిపేశారు. మదర్ టింక్చర్ అంటే మొక్కను ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన సారం. నీళ్లలో పది చుక్కలు వేసుకుంటే అందులో మొక్క ఎంతో కొంత ఉంటుంది, కాబట్టి దాన్ని మూలికా వైద్యంలో భాగంగానే చూడవచ్చు. పొటెన్సీ మందు అలాంటిది కాదు. ఒక వంతు సారాన్ని 99 వంతుల ఆల్కహాల్‌లో కలిపి కుదపడం, అందులో ఒక వంతును తీసి మళ్లీ అదే చేయడం, ఇలా ఆరుసార్లు చేస్తే లక్ష కోట్లలో ఒక వంతు మిగులుతుంది. పన్నెండు సార్లు దాటితే అసలు మొక్క అణువు ఒక్కటైనా ఉండే అవకాశం దాదాపు పోతుంది. దుకాణంలో ఎక్కువగా అమ్ముడయ్యే 30వ పొటెన్సీలో రసాయనశాస్త్రం లెక్క ప్రకారం నేల ఉసిరి లేదు. హోమియోపతికి ఆద్యుడైన హానెమన్ 1790లో, మలేరియా జ్వరానికి వాడే సింకోనా బెరడును తానే తిని చూసి, ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలను పుట్టిస్తుందో అవే లక్షణాలున్న రోగికి ఆ పదార్థం మందవుతుందన్న సూత్రానికి వచ్చారు. చేదు మొక్క కాబట్టో, కాలేయానికి మంచిదని ఆయుర్వేదం చెప్పింది కాబట్టో ఇవ్వడం ఆ సూత్రం కాదు. కాబట్టి ఆయుర్వేదంలో ఉన్న పేరును చూపించి హోమియో మాత్రలకు గౌరవం తెచ్చిపెట్టడం రెండు వైద్యాలకూ న్యాయం కాదు. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో అందుబాటులో ఉన్న పరిశోధనలన్నీ చూసి, హోమియోపతి పనిచేస్తుందని నమ్మదగిన ఆధారమున్న జబ్బు ఒక్కటీ కనబడలేదని తేల్చింది.

ఇది రాస్తున్నప్పుడు నాకు సంకోచంగానే ఉంది. గుడివాడలో డాక్టర్ గురురాజు పేరుతో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉన్న ప్రాంతం మాది. ఆ తెల్లని తీపి మాత్రలు పిల్లలకు పెట్టని ఇల్లు మా చుట్టుపక్కల తక్కువ. మా ఊళ్లో నేనెరిగిన ఒక హోమియో డాక్టరు, కళ్లు పచ్చబడి వచ్చిన ఎవరికైనా సరే రక్త పరీక్ష కాగితం చూడనిదే మాత్ర ఇచ్చేవారు కాదు. ఆ పద్ధతి మీద నాకెంత గౌరవమో మాటల్లో చెప్పలేను. మా చిన్నాన్న ఆయన దగ్గరికి వెళ్లి ఉంటే ఐదు వారాలు పోయేవి కావు.

హోమియోలో కామెర్లకు ప్రధానంగా చెప్పే మందు నేల ఉసిరి కాదు, యూరప్ గోడల పక్కన పెరిగే చెలిడోనియం. దాని కాడ విరిస్తే పసుపుపచ్చని పాలు కారతాయి. పచ్చని జబ్బుకు పచ్చని రసం మందన్న పాత నమ్మకం వల్లనే అది కామెర్ల మందయింది. కాలేయానికి మంచిదని నమ్మి ఆ మొక్క సారాన్ని గణనీయమైన మోతాదుల్లో తీసుకున్న పది మందికి కాలేయమే వాచిందని 1999లో జర్మనీ వైద్యులు ప్రకటించారు. మన రోడ్ల పక్కన ముళ్లతో, పసుపు పూలతో కనిపించే బ్రహ్మదండి కూడా ఆ కుటుంబానిదే, దానికీ పచ్చని పాలే. కొందరు దాన్నీ కామెర్లకు వాడతారు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఆ గింజల నూనె కలవడం వల్ల కాళ్లు వాచి, గుండె దెబ్బతిని ఎందరో చనిపోయారు. రంగును బట్టి మందును ఎంచడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. తిప్పతీగ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. కరోనా కాలంలో కషాయం కాచుకుని తాగిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబై వైద్యులు ఆరుగురి వివరాలు ప్రచురించారు. అది తిప్పతీగ కాకుండా దాన్ని పోలిన వేరే తీగ కావచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వివరించింది. ఆ వివరణ నిజమైనా, కాకపోయినా, మొక్కను గుర్తుపట్టకుండా మోతాదు చెప్పకూడదన్న నా మాటకే అది బలం.

మూత్రపిండాల్లో రాళ్లకు నేల ఉసిరి వాడకం గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది. నా దృష్టిలో అసలు రాయదగిన సంగతి అక్కడే ఉంది. మనం కొండపిండి ఆకును ఏ నమ్మకంతో ఆ పేరుతో పిలుస్తామో, బ్రెజిల్ ప్రజలు నేల ఉసిరి జాతి మొక్కను అదే నమ్మకంతో రాళ్లను పగలగొట్టేది అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. రాళ్లు ఏర్పడే 69 మందికి మూడు నెలలు ఇచ్చి చూసినప్పుడు, మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయేవారిలో అది తగ్గిందని 2004లో అక్కడి పరిశోధకులు ప్రకటించారు. ఉన్న రాయిని అది కరిగించలేదు. రాళ్లను బయటి నుంచి తరంగాలతో పగలగొట్టే షాక్‌వేవ్ చికిత్స తర్వాత మిగిలిన ముక్కలు బయటపడటానికి కొంత తోడ్పడవచ్చని 2006లో ఇటలీలో జరిగిన మరో పరిశీలన సూచించింది. ఇవి చిన్న ఫలితాలే, కానీ నిజమైనవి. రాళ్లున్నవాళ్లు డాక్టరుకు చెప్పి వాడదలిస్తే నేను అడ్డు చెప్పను. షుగరుకూ బీపీకీ మందులు వేసుకునేవాళ్లు మాత్రం చెప్పకుండా వాడకూడదు, ఎందుకంటే ఈ మొక్క షుగరునూ బీపీనీ ఇంకొంత తగ్గించే అవకాశం ఉంది.

మూత్రపిండాల రాళ్లను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం నిషేధించింది. ఒక మందు నయం చేస్తుందని చెప్పుకోరాని జబ్బుల జాబితా 1945 నాటి ఔషధ నియమావళి జె షెడ్యూలులో ఉంది, అందులో కామెర్లు, కాలేయ వ్యాధులు కూడా ఉన్నాయి. పత్రికలో వచ్చే వ్యాసం ప్రకటన కాదన్నది నిజమే. అయితే పల్లెలో పేపరు చదివేవాళ్లకు ఆ గీత కనబడదు. పేపరులో వేశారన్న ఒక్క మాటే అక్కడ వైద్యుడి సలహాతో సమానం అవుతుంది. వ్యాసం పక్కనే అదే మందు అమ్మే ప్రకటన ఉంటే ఇక చెప్పవలసింది లేదు.

వచ్చే ఆదివారం సవరణ వేసేటప్పుడు సరైన ఫొటో మీకు అవసరమవుతుంది. ఈ వారం మా పెరట్లో అమరస్, ఎర్ర ఉసిరిక, ఫ్రేటర్నస్ మూడూ ఒకే మడిలో పక్కపక్కన ఉన్నాయి, మూడింటికీ కాయలు పట్టాయి. రెమ్మలను తిరగేసి, కాయలు కనబడేలా, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి ఈ ఉత్తరంతో జతచేశాను. ఎండబెట్టి కాగితానికి అతికించిన నమూనాలు కావాలంటే మీ ప్రాంతీయ కార్యాలయానికి నేనే స్వయంగా తెచ్చి ఇస్తాను. ఇప్పుడైతే మొక్కలు పచ్చగా ఉన్నాయి, వానలు వెనకబడితే రెండు మూడు వారాల్లో కాయలు చిట్లి రాలిపోతాయి.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
తెనాలి